రాఖీకి అన్న అడిగింది

పోయిన నెల హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కాలేజీలో పాఠాలు చెబుతుందట. పాత రికార్డులు వెతికి పట్టుకోవడం ఆమెకు సరదా. "నాకదొక పిచ్చి ఆంటీ" అని నవ్వింది. ఆ మాటను నవ్వుతూ అనగలిగిన మనిషిని మా ఇంట్లో చూడటం నాకు అదే మొదటిసారి. ఏదో పాతసామాన్ల దుకాణంలో దొరికిన చిన్న రికార్డును ఫోనులోకి ఎక్కించుకొని తెచ్చి, నా ముందు పెట్టి వినిపించింది. మా అన్న రాజేశం గిటారు అది. చిరిగిన గొంతుతో ఎవరో అరిచినట్టు మొదలై, ఎటు పోతున్నదో తెలియకుండా పోయే ఆ వాయింపును దాదాపు యాభై ఏళ్ల తర్వాత విన్నాను. "దీన్ని సైకెడెలిక్ రాక్ అంటరు ఆంటీ. ఆ రోజుల్ల పెద్దపల్లి నుంచి వచ్చినాయన ఇట్ల వాయించిండంటే ఎవ్వరు నమ్ముతలేరు. మీ అన్నయ్య జీనియస్" అన్నది. చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అనలేదు. బతికున్నన్నాళ్లూ ఊరు ఆయనకు ఇచ్చిన బిరుదు ఒక్కటే, పిచ్చి రాజేశం. ఆ బిరుదు ఇచ్చినవాళ్ల మనవలే ఇప్పుడు ఆయన ఫోటో ఉంటే పంపమని ఆ అమ్మాయికి ఫోన్లు చేస్తున్నారట.

వెళ్లబోతూ అసలు సంగతి అడిగింది. రికార్డుకు ఎక్కనివి ఏమైనా మిగిలాయా, టేపు గానీ, కాగితం గానీ, కనీసం ఎవరికైనా నోటికి వచ్చినవి గానీ అని. ఏమీ లేవమ్మా అన్నాను. ఎంత తేలికగా వచ్చిందో ఆ మాట. ఇరవై ఏళ్లు చెప్పి చెప్పి అరగదీసిన అబద్ధం కదా, నాలుకకు ఎక్కడా తట్టుకోదు. ఆ అమ్మాయి టీ తాగి, నా కాళ్లకు దండం కూడా పెట్టి పోయింది. ఆ దండం తీసుకున్న సిగ్గుకే ఇది రాస్తున్నాను.

మాకు పెద్దపల్లిలో బియ్యం మిల్లు ఉండేది. ఇల్లు మిల్లు వెనకనే, నడుమ ఒక్క గోడ. పొద్దున మోటారు పట్టా తిరగడం మొదలైతే గూట్లో సీసాలు, బోర్లించిన గిన్నెలు సన్నగా వణుకుతూ ఉండేవి. సాయంత్రం మిల్లు ఆగినప్పుడే ఇంత చప్పుడులో బతుకుతున్నామని గుర్తొచ్చేది. ఇల్లంతా తవుడు వాసన, దాని మీద వడ్లు ఉడకబెట్టే గాబుల్లోంచి వచ్చే పులిసిన ఆవిరి వాసన. మా అవ్వ, అమ్మను అట్లాగే, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం, ప్రతి గిన్నె మీద మూత, మూత మీద గుడ్డ వేసేది. అయినా పప్పులో ఊక వచ్చేది. దేవుని పటాలను రోజుకు రెండుసార్లు కొంగుతో తుడిచి, "మీరన్న జర సల్లగుండుండ్రి" అని వాటిని మందలించేది. బాపు అన్నానికి కూర్చుంటే మొదటి ముద్ద కలపకముందు నాలుగు మెతుకులు వేళ్ల మధ్య నలిపి చూసి, ఈ బియ్యం ఏ రైతువో, ఎన్నాళ్ల పాతవో చెప్పేవాడు. మనుషుల గురించి కూడా అంతే. ఒక్కసారి నలిపి చూసి తీర్పు చెప్పేవాడు, మళ్లీ మార్చుకునేవాడు కాదు.

అన్న కరీంనగర్‌లో పీయూసీ చదవడానికి పోయి, పీయూసీ అక్కడే వదిలేసి, గిటారుతో తిరిగివచ్చాడు. బాపు దాన్ని పైనుంచి కిందికి చూసి, "సదువు తెమ్మని తోలిస్తే సొరకాయ తెచ్చిండు" అన్నాడు. తీర్పు అయిపోయింది. స్టేషన్ దగ్గర రేడియోలు బాగుచేసే ఖాజా భాయ్ ఒక్కడే అన్నకు దొరికిన మనిషి. ఆయన దుకాణంలో ఎప్పుడూ టంకం కాలిన వాసన. పాత రేడియోల వాల్వులన్నీ కలిపి ఒక పెట్టె చేసి, స్పీకరు కాగితాన్ని బ్లేడుతో నిలువునా చీరి, దాంట్లోంచి గిటారు పలికించాడు. తీగ మీటితే బట్ట చించినట్టు చప్పుడు వచ్చింది. "గిట్లనే కావాలె భాయ్" అని అన్న ఆయనను కౌగిలించుకున్నాడు. మంచి స్పీకరును చెడగొట్టుకొని సంబరపడే ఇద్దరిని చూసి స్టేషన్ రోడ్డంతా నవ్వింది.

అన్నకు స్వరాలు రాయడం రాదు. టేపు రికార్డరు లేదు. దానికి ఆయన చేసుకున్న ఏర్పాటు నేను. అప్పుడు నాకు పదమూడో పద్నాలుగో ఏళ్లు. గోడ ఇవతల చాటలో బియ్యం పోసుకొని మెరిగెలు ఏరుతూ కూర్చునేదాన్ని. అవతలి గదిలో ఆయన వాయించేవాడు. ఒక్కసారి విన్నది నాకు పోదు. అది నా గొప్ప కాదు, పుట్టుకతో వచ్చిన గుణం, కొందరికి పుట్టుమచ్చ ఉన్నట్టు. మర్నాడు పిలిచి, "చెల్లె, నిన్నటిది అను" అనేవాడు. నేను కూనిరాగం తీస్తే దాని మీద వేళ్లు పెట్టుకొని మళ్లీ ముందుకు పోయేవాడు. అన్నిటిలోకీ పెద్దది ఒకటుండేది. మిల్లు మోటారు రోజంతా ఒకే శ్రుతిలో మూలుగుతుంది కదా, దానికి తీగ సరిచేసుకొని అక్కడ మొదలుపెట్టేవాడు. ఆ శ్రుతిని వదిలి ఎంతో దూరం పోయేవాడు. తప్పిపోయాడు, ఇక రాలేడు అనుకున్నప్పుడు ఎక్కడినుంచో తిరిగి వచ్చి మిల్లుతో కలిసేవాడు. నేను రెండు చాటల బియ్యం ఏరేంతసేపు సాగేది అది. దానికి పేరు లేదు. మా ఇద్దరి మధ్య అది "మన పాట". మా ఇంట్లో ఆడపిల్లకు తనది అని చెప్పుకోవడానికి ఏమీ ఉండని రోజుల్లో నాకు సగం పాట ఉండేది.

తర్వాత హైదరాబాదు పోయాడు. నలుగురు కలిసి ఒక జట్టు కట్టారు. నీలి లాంతర్లు అని అర్థం వచ్చే ఇంగ్లీషు పేరేదో పెట్టుకున్నారు. హోటళ్లలో, కాలేజీల్లో, బొగ్గు గనుల ఊళ్లలో ఆఫీసర్ల క్లబ్బులలో వాయించారు. ఒక రికార్డు కూడా వచ్చింది, ఆ అమ్మాయి పట్టుకొచ్చింది అదే. మన పాట కూడా ఎక్కించాలని అన్న పట్టుబట్టాడట. రికార్డు ఒక పక్క పట్టేంతకు కోసి ఇమ్మన్నారు. కొయ్యనన్నాడు. అప్పటికే ఆయనలో తేడా వచ్చిందని జట్టువాళ్లు తర్వాత చెప్పారు. స్టేజీ మీద ఒకే తీగను పావుగంట మీటుతూ నిలబడేవాడట. ఎదుటివాళ్లు తన ఆలోచనలు వింటున్నారని వాళ్ల వైపు వీపు పెట్టి వాయించేవాడట. గంజాయి వల్ల అని ఊరు తేల్చేసింది. తాగాడు, అబద్ధమెందుకు. అయితే ఆ జట్టులో మిగిలిన ముగ్గురూ తాగారు, వాళ్లంతా ఉద్యోగాలు చేసి పింఛన్లు తీసుకుంటున్నారు.

వాళ్లే తెచ్చి మా ఇంట్లో దిగబెట్టి పోయారు. రేడియోలో వచ్చే ప్రతి పాటా తన దగ్గర దొంగిలించిందే అనేవాడు అన్న. మిల్లు తనను పేరు పెట్టి పిలుస్తున్నది అనేవాడు. ఒకరోజు మధ్యాహ్నం తిరుగుతున్న పట్టాను చేత్తో పట్టి లాగాడు. హమాలీ ఒకడు నడుం పట్టి వెనక్కి గుంజకపోతే చెయ్యి పోయేది. పట్టా తెగి మిల్లు ఆగింది. ఆ తెగిన పట్టా ముక్కతోనే బాపు కొట్టాడు. హమాలీలంతా చూస్తుండగా, ఊక కుప్ప మీద పడేసి కొట్టాడు. అన్న అడ్డం పెట్టుకోలేదు. దెబ్బల మధ్యనే, "ఇప్పుడు మంచిగున్నది బాపూ, సప్పుడు లేదు" అన్నాడు. బాపు ఇంకా గట్టిగా కొట్టాడు.

నేను వేరే రకంగా కొట్టాను. పెద్దబాపు కొడుకు పెళ్లికి ఎదురుకోళ్లు. పెళ్లికొడుకైన మా వాడికి ఎదురు రావడానికి ఆడపిల్లవారంతా చౌరస్తాలో నిలబడి ఉన్నారు. మా మేనమామ చంద్రయ్య నవ్వించే మనిషి. ఆయన లేని పెళ్లి పెళ్లే కాదనేవారు. ఆ రోజు నవ్వించడానికి ఆయనకు అన్న దొరికాడు. "మా అల్లుడు పట్నంల వాయించి అచ్చిండు, మీరు వినాలె" అని గిటారు చేతికిచ్చి, పక్కింట్లోంచి పెట్టెకు వైరు లాగించాడు. అన్న ఎన్నో నెలల తర్వాత గిటారు పట్టుకున్నాడు. మన పాటే ఎత్తుకున్నాడు. వేళ్లు సరిగ్గానే పడుతున్నాయి. ఇంకాసేపు సాగితే బాగుపడతాడేమో అనిపించింది నాకు, నిజంగా అనిపించింది. మామ వెనకనుంచి వైరు పీకాడు. చప్పుడు ఆగింది. అన్న ఆగిపోయి తన వేళ్లను తిప్పి చూసుకున్నాడు. జనం నవ్వారు. మామ మళ్లీ పెట్టాడు, చప్పుడు భళ్లున లేచింది, అన్న ఉలిక్కిపడ్డాడు. ఇంకా నవ్వారు. ఐదారుసార్లు ఆడాడు ఆ ఆట. బ్యాండువాళ్లు కూడా బూరలు దించి చూశారు. చివరికి అన్న తల ఎత్తి ఆ గుంపులో నన్ను వెతికాడు. "చెల్లె, ఏడిదాక అచ్చింది మన పాట?" అని అందరి ముందూ అడిగాడు. ఆడపెళ్లివారి పిల్లలు నా వైపు తిరిగారు. కొత్త పట్టు లంగావోణీ కట్టుకొని, వాళ్ల మధ్యలో మంచి పేరు తెచ్చుకునే ప్రయత్నంలో ఉన్నాను. "నాకేం ఎరుక" అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని వాళ్లతోపాటు నవ్వాను. అన్న గిటారును రోడ్డుకేసి కొట్టి, మామ మీద పడి చెవి కొరికాడు. ఆ తర్వాత అన్నకు పిచ్చి లేదని అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

వేములవాడ తీసుకుపోయారు. నలభై రోజులు అక్కడే గది తీసుకొని ఉండి, రోజూ తడిబట్టలతో గుడి చుట్టూ తిప్పాలని అవ్వ మొక్కు. అక్కడి దేవుడు రాజన్నకు కోడెను తిప్పి కట్టే మొక్కు కూడా మొక్కింది. కోడెను తిప్పే రోజు అన్న ఉరుకుతాడని భయపడి, చెవికి గుడ్డ చుట్టుకున్న మామ, కోడె పగ్గంతోనే అన్న మణికట్టు కట్టేశాడు. కోడె ముందు, అన్న వెనక, మేము ఆ వెనక. బయటి ఊరి నుంచి వచ్చిన యాత్రికులు అదేదో కఠినమైన కొత్త మొక్కు అనుకొని దారి ఇచ్చి, అన్నకు చేతులెత్తి మొక్కారు. ఒక ముసలమ్మ ముందుకొచ్చి ఆయన పాదాలు తాకింది. అన్న నవ్వాడు. "సూసినవా చెల్లె, గిక్కడ నాకు ఎంతమంది ఉన్నరో" అన్నాడు. జనం కోసం స్టేజీలు ఎక్కిన మనిషికి చివరిసారి దండాలు పెట్టిన జనం వాళ్లే.

దేవుడు చేయలేకపోయింది కరెంటు చేస్తుందని అవ్వ నమ్మింది. ఆమెకు ముందునుంచీ ఒక సిద్ధాంతం ఉండేది. "కరెంటు పెట్టెను ఒళ్లె పెట్టుకొని వాయించె. గా కరెంటే వాని నెత్తికెక్కింది" అనేది. హైదరాబాదు దవాఖానాలో డాక్టరు గోలీలతో మొదలుపెడదామన్నాడు, అవి సరిపోకపోతే తలకు కరెంటు పెట్టే వైద్యం కూడా ఉన్నదన్నాడు. అవ్వ లేచి నిలబడి దండం పెట్టింది. "గదే పెట్టుండ్రి సారు. కరెంటు తోని అచ్చింది కరెంటు తోనే పోతది." మామ, బాపు కూడా అదే మాట పట్టుకున్నారు, చివరికి అదే పెట్టించారు. ఆ వైద్యంతో బాగుపడినవాళ్లను తర్వాత నేను చూశాను. డాక్టరును ఏమీ అనను. అన్న కూడా నెమ్మదించాడు. మిల్లు ఆయనను పిలవడం మానేసింది. మేం ఆ వైద్యాన్ని కోరుకున్నది మాత్రం ఆయన బాగుకోసం కాదు, గిటారును ఆయనలోంచి తీసేయడం కోసం. ఇంటికి వచ్చాక ఊరు "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట" అని కొత్త పాట ఎత్తుకుంది. మా గుమ్మం ముందు నిలబడి పిల్లలు రోకలి కావాలా అని అరిచేవాళ్లు.

అన్నకు మేమందరం గుర్తున్నాం, ఊరు గుర్తుంది, జట్టు గుర్తుంది. మన పాట గుర్తులేదు. ఉండేదని మాత్రం తెలుసు, పన్ను ఊడినచోట నాలుక పోయినట్టు మాటిమాటికీ అక్కడికే పోయేవాడు. ఆ శ్రావణంలో రాఖీ కట్టడానికి ఆయన ముందు కూర్చున్నాను. గోలీలతో ఆయన చేతులు వణుకుతున్నాయి. "చెల్లె, నాకు గా పాట యాదికస్తలేదు. నీకు ఎరుకే గదా. జర అను" అన్నాడు. అంతకు వారం ముందే అవ్వ నా చెయ్యి పట్టి తన నెత్తి మీద పెట్టుకొని ఒట్టు వేయించుకున్నది. "గా పాట వాని చెవుల పడ్డదంటే మళ్ల మొదలైతది బిడ్డా. ఇంటి గుట్టు లంకకు చేటు. నీ నోట్లె నుంచి రానియ్యకు." నేను రాఖీ ముడి వేస్తూ, "నాకు కూడ యాదికి లేదన్నా" అన్నాను. ఆయన నా ముఖం వంక చూసి, "సరే తియ్" అన్నాడు.

ఏటేటా అదే. నాకు పంతులమ్మ ఉద్యోగం వచ్చి ఆసిఫాబాద్ వైపు పోయాను, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ప్రతి రాఖీకి బస్సెక్కి పెద్దపల్లి వచ్చేదాన్ని. చెల్లెలు రాఖీ కడితే అన్న ఏదైనా పెట్టాలి. మా దగ్గర తిరగబడింది. కట్టించుకున్న అన్నే నన్ను అడిగేవాడు. "ఈసారన్న యాదికచ్చిందా?" రాలేదన్నా. "సరే తియ్." ఒకసారి ఖాజా భాయ్ బస్టాండు దాకా నా వెంట నడిచాడు. "బేటీ, నీ తాన ఉన్నదని నాకెరుక. ఇచ్చెయ్. పాట వింటే ఆద్మీ రోగి కాడు. నేను వాని పక్కన కూసుంట, ఏమన్నయితే నా జిమ్మేదారి" అన్నాడు. ఒట్టు ఉన్నది భాయ్ అన్నాను. ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకొని దుకాణం దిక్కు తిరిగాడు. ఆ తర్వాత అవ్వ పోయింది. ఒట్టు ఆమెతోపాటే కట్టెల్లో కాలిపోయింది. ఇక నన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు. అయినా మరో తొమ్మిది రాఖీలు యాదికి లేదనే చెప్పాను.

ఎందుకు చెప్పలేదో నిజం రాస్తాను. భయం ఒకటి. మళ్లీ మొదలైతే చూసుకోవాల్సింది నేనే, బాపు మంచం పట్టాడు. రెండోది, ఆయన అలా ఉండటం నాకు బాగుంది. వణికే చేతులతో ఓ మూల కూర్చొని, పెట్టింది తిని, అడిగినదానికి ఊఁ కొట్టే అన్న వల్ల నాకు పరువు పోవడం లేదు. పిచ్చి రాజేశం చెల్లె అనే పేరు మాసిపోయి టీచరమ్మ అనే పేరు వచ్చింది. మూడోది చెప్పడానికే కష్టం. ఆ పాట మొత్తం నాదైపోయింది. వంట చేస్తూ, బడికి నడుస్తూ లోపల్లోపల అనుకునేదాన్ని. ఇచ్చేస్తే మళ్లీ సగమే నాది.

బాపు కూడా పోయి, మిల్లు అమ్మేశాక కొన్నవాళ్లు మోటారు ఊడదీసుకుపోయారు. పాత ఆఫీసు గదిలో అన్న ఒక్కడే ఉండేవాడు. పక్కింటివాళ్లు అన్నం పంపేవాళ్లు. ఆ ఏడు రాఖీకి పోయేసరికి కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. ఎక్కువ రోజులు లేవని చూస్తేనే తెలిసింది. స్టీలు డబ్బాలో పరమాన్నం పట్టుకుపోయాను, రెండు చెంచాలు తిని పక్కన పెట్టాడు. చెయ్యి చాపాడు. రాఖీ తీశాను. "ఈసారన్న యాదికచ్చిందా చెల్లె?" అన్నాడు. అచ్చింది అన్నాను.

మొత్తం పాడాను. మిల్లు లేదు కాబట్టి ఆ శ్రుతిని ముందు నేనే ఊఁ అని పట్టుకొని, అక్కణ్నించి ఎత్తుకున్నాను. వదిలిపోయే చోట వదిలాను, తిరిగివచ్చే చోట వచ్చాను. ఎక్కడా తొట్రుపడలేదు. అన్న కళ్లు మూసుకొని విన్నాడు. తొడ మీద ఎడమచేతి వేళ్లు కదులుతున్నాయి. నేను ఏడుస్తున్నాను, ఇరవై ఏళ్ల పాపం కడిగేసుకుంటున్నానని లోపల సంతోషంగా కూడా ఉంది. అయిపోయాక కళ్లు తెరిచాడు.

"మంచిగనే దాసినవ్. ఒక్కతాన తప్పినవ్" అన్నాడు. తిరుగుదారిలో మూడో మలుపు దగ్గర నేను పైకి పోయిన చోట, అన్న కిందికి దిగి పాడి చూపించాడు. అదే సరైంది. వినగానే నాకు తెలిసిపోయింది.

"నీకు యాదికున్నదా?" అన్నాను.

"దవాఖాన నుంచి అచ్చిన రెండో ఏడే యాదికచ్చింది."

"మరి గిన్నేండ్ల సంది నన్నెందుకు అడిగినవన్నా?"

"నువ్వు సెప్తవో సెప్పవో అని."

కోపంగా అనలేదు. బాపు మెతుకులు నలిపి చెప్పినట్టు చెప్పాడు. నేను నోరు తెరిచేలోపే చెయ్యి ఇంకొంచెం ముందుకు జరిపి, "కట్టు మరి, నీ బస్సు పోతది" అన్నాడు. కట్టాను. దసరా రాకముందే పోయాడు. నేను చెప్పేదాకా ఆగి, చెప్పాక పాపం కడుక్కున్నానన్న తృప్తి కూడా నాకు మిగలకుండా చూసి మరీ పోయాడు. ఇప్పుడు ఆ పాట ఎప్పుడు నోటికి వచ్చినా మూడో మలుపు దగ్గర ఆగిపోతాను. పైకి పోతే అది నాది, కిందికి దిగితే ఆయనది. దిగడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు.